దించని కేక

మా పాలెంలో ప్రతి ఇంటికీ ఒక కేక ఉండేదట. అందులో మాటలుండవు. ఓ అని మొదలై పైకి లేచి, ఒక్కో ఇంటికి ఒక్కో చోట విరిగి కిందికి దిగేది. పొగమంచు పట్టినప్పుడూ, ముసురుగాలిలోనూ నావ మీదున్నవాళ్లకి ఒడ్డు కనపడదు కదా. అప్పుడు ఆడవాళ్లు ఇసకలో నిలబడి ఎవరి కేక వాళ్లు వేసేవాళ్లు. తమ ఇంటి కేక చెవిన పడగానే మగవాళ్లు తెడ్డుతో నావ అంచు మీద టక్కు టక్కుమని కొట్టి, విన్నామని చెప్పి, అటు తిప్పేవాళ్లు. ఒక ఇంటి కేక ఇంకో ఇల్లు వెయ్యకూడదు. నావ పోయిందని తేలాక ఆ ఇంటి ఆడది ఆఖరుసారి వేసి కేకని దించెయ్యాలి. ఆ తరవాత దాన్ని ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే పోయినవాళ్లు విని బయల్దేరతారు. దించని కేకైతే మరీను.

ఇదంతా మా అమ్మ చెప్పగా నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని చెపుతున్నాను. తిట్టుకునేవాళ్లు అంతా విన్నాక తిట్టుకోండి, మధ్యలో మాత్రం ఆపకండి.

నా పేరు రత్తమ్మ. బడిలో రత్నకుమారి టీచర్ని. బెజవాడలో బందరు కాలవ గట్టున ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం చెప్పేదాన్ని. నేను చంటిపిల్లప్పుడే మా నాన్న పోలరాజు ఎక్కిన నావ తిరిగి రాలేదు. మా అమ్మ దానమ్మ నన్ను చంకనేసుకుని బెజవాడ వచ్చి, ఆ కాలవ గట్టునే గుడిసె వేసుకుని ఎండుచేపలు అమ్మింది. ఆ వీధిలో ఒక సంగీతం మాస్టారు ఉండేవారు. నేను అరుగు కింద నిలబడి పాడుతుంటే విని, లోపలికి రమ్మనకపోయినా అరుగు మీదికి రమ్మన్నారు. నీ గొంతు గట్టిదే గాని అందులో చేపలబుట్ట ఉంది, అది తీసెయ్యాలి అనేవారు. తీసేశాను. ఏళ్ల తరబడి గీకి గీకి తీసేశాను. డిప్లొమా చేతికొచ్చేసరికి నా గొంతు తోమిన ఇత్తడి చెంబులా తయారైంది. నేనెవరి పిల్లనో బడిలో ఎవరికీ తెలీదు. అడిగితే బందరు వైపు అని ఊరుకునేదాన్ని.

ఉప్పెన దివిసీమని ఊడ్చుకుపోయిన తరవాత మా బడి కమిటీవాళ్లు దిక్కులేని పిల్లలని కొందరిని తెచ్చి బడి వెనక రేకుల షెడ్డులో పెట్టారు. అందరూ పల్లెకారుల పిల్లలే. వాళ్లు వరండాలోంచి నడిచిపోతుంటే మిగతా పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. పాపం, రోజూ సబ్బుతో స్నానం చేసే పిల్లలు వాళ్లు. ఏ వాసనకి మూసుకునేవాళ్లో నాకు బాగా తెలుసు.

మా హెడ్‌మిస్ట్రెస్ రామతులసి గారు చెడ్డమనిషి కాదు. వాళ్లకి అన్నం దగ్గరుండి పెట్టించేవారు, తలలు దువ్వించేవారు. కానీ టైంటేబుల్ వేసేటప్పుడు సంగీతం పీరియడు దగ్గర షెడ్డు పిల్లలకి కుట్టుపని అని వేశారు. ఏమండీ ఇది అని అడిగాను. వాళ్లకి కావలసింది చేతిలో పని, సంగీతం ఏం చేసుకుంటారు, పైగా ఆ గొంతులు విన్నావా, అరుపులు అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుట్టుపని అంత మంచిదైతే డాక్టరుగారి అమ్మాయికీ పెట్టించండి అన్నాను. నా నోరు అలాంటిది. పోట్లాడగా పోట్లాడగా ఆవిడ విసుగెత్తి ఒక మాటకొచ్చారు. ఏప్రిల్లో వార్షికోత్సవం. షెడ్డు పిల్లలు కమిటీ ముందు ఒక్క పాట పరువుగా పాడితే వాళ్లకీ అందరితోపాటు సంగీతం ఉంటుంది. లేకపోతే కుట్టుమిషన్లే, నేనిక ఆ ఊసెత్తకూడదు.

సరేనన్నాను. అబ్బో, ఎంత ధీమాగా అన్నానో.

తీరా కూర్చోబెడితే ఆ పిల్లల నోట్లోంచి సా కూడా రాలేదు. పెదాలు కదిలేవి, అంతే. గట్టిగా అంటే ఎవరైనా కొడతారేమోనన్నట్టు చూసేవాళ్లు. అందులో నాంచారి అని ఒక పిల్ల. ఉప్పెనలో తాడిచెట్టుని కావలించుకుని బతికిందట. చెట్టు మీదనించి దించిన దగ్గర్నించి మాటే లేదు. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని కాలవ వైపు చూసేది.

మార్చి ఆఖరికొచ్చింది. నాకు దిగులు పట్టుకుంది. ఒకనాడు చిరాకు ఆపుకోలేక, మీ ఇళ్లల్లో కేకలు లేవటే, అవన్నా వెయ్యండి, గొంతు విచ్చుకుంటుంది అన్నాను. పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మీకెలా తెలుసని ఒక్కరూ అడగలేదు, అది నాకు అప్పుడు తట్టలేదు. ఆదెమ్మ అనే పెద్దపిల్ల మెల్లిగా, వెయ్యకూడదు టీచర్, మావి ఇంకా దించలేదు అంది. దించటానికి ఆ ఇళ్లల్లో ఆడవాళ్లెవరు మిగిలారు గనక? ఆ మాట నాకూ తెలిసిందే. అయినా టీచర్ని కదా. ఇక్కడ సముద్రం లేదు, ఇది బెజవాడ, పిచ్చి భయాలు పెట్టుకోకండి అన్నాను.

అప్పుడు కిటికీ దగ్గర్నించి లేచింది ఆ కేక. నాంచారి నోరు తెరిచింది. అంత చిన్న ఒంట్లోంచి అంత గొంతు ఎలా వచ్చిందో! పైకి లేచి, ఏ స్వరం మీదా నిలవకుండా రెండింటి మధ్య విరిగి, నెమ్మదిగా దిగింది. అలాంటి విరుపు నేను ఏ కచేరీలోనూ వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది. నా తల్లే, నా బంగారమే అని దాన్ని దగ్గరికి తీసుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. శ్రుతిపెట్టె ముందేసుకుని, ఆ కేకని సాధకంగా మార్చి, మిగతా పిల్లలందరికీ నేర్పాను. భయపడుతూనే నేర్చుకున్నారు. టీచరు చెప్పింది కదా. ఒక్క ఇంటి కేకని రోజూ అందరి గొంతులతో వేయించాను. వాళ్ల గొంతులు నిజంగానే విచ్చుకున్నాయి, సా వచ్చింది, పా వచ్చింది. నేను నేల మీద నిలవలేదు.

ఏప్రిల్లో కాలవ కట్టేశారు. ఏటా కట్టేస్తారు మరమ్మతులకి. అడుగున బురద, అక్కడక్కడా గుంటల్లో నీళ్లు, వాటిలో గేదెలు. పడవలన్నీ గట్టెక్కి బోర్లా పడుకున్నాయి. ఆ రోజుల్లోనే, పిల్లలు కేక ఆపి ఊపిరి తీసుకునే సందులో, లాకుల వైపు నించి చప్పుడు వినపడింది. టక్కు. టక్కు. వడ్రంగి పని అనుకున్నాను. పిల్లలు అనుకోలేదు. ఒక్కసారిగా అందరూ కిటికీ వైపు తిరిగారు. నాంచారి మొహంలో నవ్వు. ఆ పిల్ల నవ్వటం నేను అదే మొదటిసారి చూడటం.

మర్నాడు ఆ చప్పుడు వంతెన దగ్గర్నించి వచ్చింది. ఆ తరవాత ఇంకా ఇవతలికి. మా ఆయా తెరేసమ్మ గుణదల మనిషి, దేనికీ బెదరదు. ఆవిడే వచ్చి, కాలవలో నీళ్లు లేవు కదా టీచరమ్మా, నావెక్కడిది అని అడిగింది. నేను మాట దాటేశాను. ఇంకోరోజు పొద్దున సంగీతం గది కిటికీ ఊచల మీద తెల్లగా చారలు కట్టి ఉంటే, తెరేసమ్మ వేలితో తీసి నాలిక్కి రాసుకుని చూసింది. ఉప్పండీ అంది. గదంతా సముద్రపు వాసన. మండుటెండలో, కాలవ ఎండిపోయిన ఊళ్లో, తడి వలల వాసన. పుట్టినప్పుడు పీల్చిన వాసన కాబోలు, భయంతోపాటు ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. అది నన్ను ఇంకా భయపెట్టింది.

సాధకం ఆపేశాను. చప్పుడు ఆగలేదు. బడి వెనక గోడ అవతలే, మేము పలకటం కోసం ఆగి ఆగి కొడుతున్నట్టు ఉండేది. నాంచారి తన గౌన్లు రెండూ తువ్వాలులో మూట కట్టుకుని, గోడ పక్కనే కూర్చోవటం మొదలెట్టింది. ఆదెమ్మని అడిగాను. వాళ్ల నాన్న వచ్చాడు టీచర్, ఎక్కించుకుపోతాడు అంది. నాంచారి చెప్పిందా అన్నాను. చెప్పలేదు, మాకు తెలుసు అంది. అని ఊరుకుందా, నా కొంగు పట్టుకుని అడిగింది.

"మా ఇంటి కేక కూడా నేర్పండి టీచర్, అందరికీ. మా అమ్మ కూడా వస్తుంది."

దాని వెనక మిగతా పిల్లలు నిలబడి ఉన్నారు. అందరి మొహాల్లోనూ అదే ఆశ.

మర్నాడు తెల్లారేసరికి నాంచారి మంచం ఖాళీ. తెరేసమ్మ గట్టు దిగి, నడుం లోతు బురదలో కూరుకుపోయి ఉన్న పిల్లని జుట్టు పట్టుకుని బయటికి లాగింది. పిల్ల ఏడవలేదు. మూట మాత్రం తడవకుండా నెత్తిన పెట్టుకుని ఉంది.

నేను అమ్మ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ గుడిసె ముందు చేపలు తిరగేస్తోంది. జరిగింది చెప్పాను. తల మీద బాదుకుంటుందనుకున్నాను, బాదుకోలేదు. ఒక్క ఇంటి కేక అన్ని నోళ్లతో వేయిస్తే, పాలెం పాలెం ఆ ఒక్కడినే పిలుస్తోందనుకోడూ, రాకేం చేస్తాడు అంది. ఎలా పంపాలని అడిగాను. దించాలి అంది. సముద్రానికి వీపు పెట్టి, ఇంటి వైపు తిరిగి కేక వెయ్యాలి. ఇంట్లోంచి ఒకరు ఉన్నాం అనాలి. ఇల్లు నిండుగానే ఉంది, ఇక మన కాపలా అక్కర్లేదని అప్పుడు వాళ్లకి తెలుస్తుంది, మళ్లిపోతారు. ఎవరూ పలక్కపోతే మాత్రం ఆ కేక వేసిన మనిషిని కూడా తీసుకుపోతారు.

మరి నాన్నది ఎవరు పలికారు అని అడిగాను.

అమ్మ చేప తిరగేసింది. "ఎవరున్నారే ఇంట్లో? నువ్వు పాలు తాగుతున్నావు. కేకా నేనే వేసి, ఉన్నానని నేనే అనుకోవాలా? దించలేదు. నువ్వు పెద్దయ్యాక పలికిద్దామనుకున్నాను. అప్పటికి నువ్వు రత్నకుమారివయ్యావు."

ఈ గట్టు ఎందుకు వదలననుకున్నావు, నీళ్లున్న రోజుల్లో మీ నాన్న తెడ్డు వినపడుతూనే ఉంటుంది అంది అమ్మ, వానొస్తుందేమో అన్నంత మామూలుగా. నాన్న కేక ఎలా ఉంటుందో నాకు తెలుసు. నన్ను నిద్రపుచ్చేటప్పుడు అమ్మ నోరు మూసుకుని ముక్కుతో తీసే రాగం అదే. వార్షికోత్సవానికి రమ్మని బతిమాలాను. రానంది. వస్తే పంపలేను, పిలుస్తాను అంది.

వెళ్లి రామతులసి గారి ముందు నిలబడ్డాను. పిల్లలు కీర్తన కాదు, వాళ్ల ఇళ్ల కేకలు పాడతారండీ, ఆఖర్న హాల్లోంచి పెద్దవాళ్లు ఒకరు ఉన్నాం అనాలి, మీరే అనాలి అన్నాను. ఎందుకో చెప్పాను. నేను ఎవరి పిల్లనో మాత్రం అప్పటికీ చెప్పలేదు. ఆవిడ కళ్లజోడు తీసి నావైపు జాలిగా చూశారు. ఎండదెబ్బ తగిలిందా, కమిటీ ముందు ఇదేం తంతు, కీర్తన వస్తే పాడించు, లేకపోతే మానెయ్ అన్నారు. నేను మానలేదు. ఆ హాల్లోకి షెడ్డు పిల్లలని రానిచ్చేది ఆ ఒక్కరోజే. వాళ్లకి ఇల్లంటూ ఏదైనా ఉంటే అక్కడే ఉండాలి, ఇంకెక్కడుంది?

వార్షికోత్సవం సాయంత్రం హాలు నిండింది. స్టేజీ కాలవ వైపుంది, వెనక కిటికీలు. కమిటీ సెక్రటరీ వెంకటసుబ్బారావు గారు ముందు వరసలో విసనకర్రతో కూర్చున్నారు. పక్కన రామతులసి గారు. డాక్టరుగారి అమ్మాయి కీర్తన పాడింది, చప్పట్లు కొట్టారు. షెడ్డు పిల్లలు ఎక్కగానే వెనక బెంచీల్లో ఎవరో ముక్కు మూసుకున్నారు, నవ్వులు. పిల్లలని కాలవకి వీపు పెట్టి నిలబెట్టాను. నాంచారి నిలబడలేదు. కిటికీ వైపు తిరిగి, మూట చంకన పెట్టుకుని, ఊచలు పట్టుకుంది.

టక్కు. టక్కు. కిటికీ కిందే. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. అందరికీ వినపడింది. సముద్రపు వాసన తెరలు తెరలుగా లోపలికి వచ్చింది, స్టేజీ మీద కట్టిన రంగుకాగితాలు తడిసి వంగిపోయాయి. వెంకటసుబ్బారావు గారి విసనకర్ర ఆగిపోయింది. నాంచారి కేక ఎత్తటానికి ఊపిరి పీల్చింది. అటు తిరిగి ఎత్తిందంటే ఇక అయిపోయినట్టే.

నేను స్టేజీ ఎక్కాను. ఏం చేస్తున్నానో నాకు బాగానే తెలుసు. ఆ పిల్ల ఇటు తిరగాలంటే ముందు నేను ఇటు తిరిగి ఎత్తాలి. కాలవకి వీపు పెట్టి, కమిటీకీ హెడ్‌మిస్ట్రెస్‌కీ ఊరి పెద్దలకీ ఎదురుగా నిలబడి, పోలరాజు ఇంటి కేక ఎత్తాను. డిప్లొమా గొంతుతో కాదు. ఏళ్ల తరబడి గీకి తీసేశాననుకున్నది కడుపులోనే ఉంది. చేపలబుట్టతో సహా అంతా వచ్చింది. హాలు కిటికీ రెక్కలు అదిరాయి. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. నా గొంతు ఇదీ, నేను ఇదీ అని మొదటిసారి తెలిసింది.

కేక దిగింది. నా వెనక ఇంకో తెడ్డు కొట్టింది. నాంచారి నాన్నది కాదది. బరువుగా, నిదానంగా, చాలా దూరం నించి వచ్చి అలిసినట్టుగా. నా వీపు మీద చల్లటి గాలి తగిలింది. హాల్లో ఎవరూ పలకలేదు. వాళ్లు నోరు తెరుచుకుని నన్ను చూస్తున్నారు, మన రత్నకుమారి టీచరేనా అని. తెడ్డు మళ్లీ కొట్టింది, నా మెడ వెనకే. అమ్మని ఎందుకు లాక్కురాలేదా అనుకున్నాను. ఏడుపొచ్చింది.

"ఉన్నాం."

బొంగురు గొంతు. వాడకపోవటంతో తుప్పు పట్టిన గొంతు. నాంచారి ఊచలు వదిలి ఇటు తిరిగింది. పలకని కేక అంటే ఏమిటో పాలెం పిల్లకి తెలుసు కదా. మూట కింద పడేసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఉన్నాం టీచర్."

వెనక తెడ్డు ఆగిపోయింది. గాలి మళ్లింది.

ఇప్పుడు నువ్వు అన్నాను. నాంచారి నన్ను చూసి, హాలు వైపు తిరిగి తన ఇంటి కేక ఎత్తింది. దిగింది. నేను పలకబోయాను గాని, ఈ హాలు ఇల్లయితే హాలే పలకాలి అని పళ్ల బిగువున ఆగాను. కిటికీ కింద ఆ తెడ్డు ఇంకా కొడుతోంది. నేను రామతులసి గారి వైపే చూశాను. ఆవిడ కళ్లజోడు తీశారు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"ఉన్నాం రా తల్లీ. ఇక్కడే ఉన్నాం."

ఆ తరవాత ఆదెమ్మ వేసింది, మిగతా పిల్లలు ఒకరి తరవాత ఒకరు వేశారు. ఎవరి ఇంటి కేక వాళ్లు. ప్రతిసారీ ఆవిడే పలికారు. మూడోదో నాలుగోదో వచ్చేసరికి వెనక బెంచీల పిల్లలు కూడా ఆవిడతో కలిసి పలికారు. ఎండిన కాలవలో తెడ్ల చప్పుళ్లు లాకుల వైపు, అక్కణ్ణించి దిగువకి వెళ్లిపోయాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పూట ఎవరూ ముక్కు మూసుకోలేదు కూడా.

జూన్లో బడి తెరిచాక రామతులసి గారు కొత్త టైంటేబుల్ గోడకి అంటించారు. సంగీతం పీరియడు అందరికీ కలిపి. కుట్టుపని కూడా అందరికీ కలిపి వేశారు, డాక్టరుగారి అమ్మాయికి సహా. హాజరుపట్టీలో నా పేరు రత్తమ్మ అని మార్పించుకున్నాను.

కాని వార్షికోత్సవం నాటి సాయంత్రమే, హాలు ఖాళీ అవగానే, నేను గట్టు వెంబడి అమ్మ దగ్గరికి నడిచి వెళ్లాను. అమ్మ గుడిసె ముందు కాలవ వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది. వెళ్లిపోయాడే అంది, ఇటు మీంచే పోయాడు, ఆగలేదు అంది. తరవాత, నీకు పలికిందెవరు అని అడిగింది.

నాంచారి అని ఒక పిల్ల, ఎవరూ లేరు అన్నాను.

"ఉన్నామన్న పిల్లకి ఎవరూ లేకపోవటమేమిటే? రేపు తీసుకురా. పులుసు పెడతాను" అని అమ్మ లేచి, చీకటి పడకముందే చేపలు బుట్టలోకి ఎత్తటం మొదలెట్టింది.